సార్ మాట సరే, బామ్మర్ది సంగతేమిటి?

"అమ్మా, నాకు 43 ఏళ్లు. జీడిమెట్లలో ఫార్మా కంపెనీలకు స్టీలు ట్యాంకులు, రియాక్టర్లు చేసిచ్చే యూనిట్‌లో 14 ఏళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. మొత్తం 74 మందిమి. ఏడాదిగా ఆర్డర్లు పడిపోయాయి, రావలసిన బిల్లులు రావడం లేదు, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి నిండిపోయింది. మూడు నెలలుగా సగం జీతమే. ఆరు నెలలుగా పీఎఫ్ కట్టడం లేదు. ఆ సంగతి మా ఓనర్ సార్‌కి, నాకు తప్ప ఎవరికీ తెలీదు. సార్ నన్ను సొంత తమ్ముడిలా చూసుకున్నారు, నా పెళ్లికి డబ్బు సర్దింది కూడా ఆయనే. మొన్న మార్గశిరంలో వాళ్లమ్మాయి పెళ్లి లెక్కలు కూడా నాకే అప్పగించారు. 'సత్యం కంప్యూటర్స్ అంతటిదే బతికింది, మనం బతకమా తమ్ముడూ, కొన్నాళ్లు ఎవరికీ చెప్పకు' అన్నారు. మా బామ్మర్ది ఇక్కడే వెల్డర్. అత్తమ్మ అడిగితే నేనే పెట్టించాను. మధ్యాహ్నం ఇద్దరం ఒకే క్యారియర్ తింటాం. సంక్రాంతి తర్వాత వాడికి పాశమైలారంలో నాలుగు వేలు ఎక్కువకు పని దొరికితే, సార్ చెప్పమన్నారని నేనే ఆపాను. మొన్న వాడు భార్య గొలుసు తాకట్టు పెట్టాడట, ఆ అమ్మాయికి ఏడో నెల. మా ఆవిడకు చెప్తే తమ్ముడికి చెప్పేస్తుందని ఆమెకూ ఏమీ చెప్పలేదు. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. మానేస్తే గ్రాట్యుటీ పోతుందేమో. ఉప్పు తిన్న చోటు వదిలి వెళ్లడం తప్పా? ఆఫీసులో ఈ ఒత్తిడి తట్టుకోవడం ఎలా? ప్రాణాయామం పనిచేస్తుందా?"

— ఒక పాఠకుడు, హైదరాబాద్

ముందు మీరు అడిగినవాటికి జవాబులు చెప్పేసి పక్కన పెడతాను. ప్రాణాయామం చేసుకోండి, ఒంటికి మంచిదే. గ్రాట్యుటీ ఎక్కడికీ పోదు. అయిదేళ్ల సర్వీసు నిండినవాడు తనంతట తాను రాజీనామా చేసినా ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన 30 రోజుల్లోగా ఇవ్వాల్సిందే. ఇవ్వడానికి మీ సార్ దగ్గర డబ్బుందా అన్నది వేరే సంగతి. మీరు ఇంకో ఆర్నెల్లు కూర్చున్నంత మాత్రాన ఆ డబ్బు పుట్టదు. ఇక ఉప్పు మాట. 14 ఏళ్లు ఊరికే తిన్నారా? పని చేసి తిన్నారు. ఆ లెక్క ఏ నెలకానెల తీరిపోయింది. అకౌంట్స్ చూసే మనిషికి ఇది నేను చెప్పాలా?

మీ ఉత్తరం నిండా సార్ ఉన్నారు, కంపెనీ ఉంది, బ్యాంకు ఉంది. బామ్మర్దికి మాత్రం అయిదు వాక్యాలే దక్కాయి. మీకు నిద్ర పట్టనిది ఆ అయిదు వాక్యాల వల్లేనని నాకు అనిపిస్తోంది.

మీ ఆవిడ పొద్దున్నే లేచి ఇద్దరికీ సరిపడా క్యారియర్ కడుతుంది. ఒంటిగంటకు షెడ్డు పక్కన మీరిద్దరూ కూర్చుంటారు. గిన్నెలు విడదీసి మూతలో అన్నం పెట్టుకుంటూ, "బావా, ఈ నెలన్నా జీతం పూర్తిగా పడుతుందా?" అని అతను అడిగే ఉంటాడు. పెళ్లాం గొలుసు కుదువ పెట్టినవాడు అడక్కుండా ఎలా ఉంటాడు? అప్పుడు మీరేం చెప్తున్నారు? ఉత్తరంలో అన్నీ రాశారు, అదొక్కటి రాయలేదు.

తేదీలు కూడా కాస్త చూసుకోండి. పీఎఫ్ ఆగి ఆరు నెలలు. సంక్రాంతికే రెండు మూడు నెలల బాకీ ఉంది. అంటే, "పాశమైలారం వద్దురా, కొన్నాళ్లు ఆగు" అని మీరు అన్న రోజున మీకు అంతా తెలుసు. తెలిసే ఆపారు. సార్ చెప్పమన్నారు నిజమే, కానీ అతను ఆగింది సార్ మాట మీద కాదు. సార్ చెప్పి ఉంటే వెళ్లిపోయేవాడే. బావ చెప్పాడు కాబట్టి ఆగాడు. మీ సార్‌కి ఆ సంగతి బాగా తెలుసు, అందుకే ఆ మాట మీ నోటితో చెప్పించారు. ఆయన చెడ్డవాడని నేను అనను. మునిగేవాడు ఎవరి భుజం దొరికితే దాన్ని పట్టుకుంటాడు. కానీ ఆయనకు దొరికింది మీ భుజం కాదు, మీ అత్తగారి కొడుకు భుజం. మీరు పట్టి ఇచ్చారు.

ఆ మార్గశిరం పెళ్లి సంగతి ఊసుపోక రాసినట్టు రాశారు. ఆ పెళ్లి లెక్కలు చూసింది మీరే కదా, ఈ లెక్క కూడా చూడండి. పదిహేను వేల బేసిక్ మీద వేసినా మనిషికి నెలకు 1,800 అతని జీతంలోంచి, ఇంకో 1,800 కంపెనీ నుంచి. 74 మందికి ఆరు నెలలకు అటూ ఇటూగా 16 లక్షలు. పెళ్లి ఖర్చులో అది ఎంత భాగమో మీకే తెలియాలి. కూతురి పెళ్లి ఆపుకోమని ఎవరూ అనరు, మన ఇళ్లలో అది అయ్యే పని కాదు. కానీ అందులో సగం డబ్బు కంపెనీది కానే కాదు. పేస్లిప్పులో "పీఎఫ్" అని గడి కట్టి, కోసి, కార్మికుడి చేతికి ఆ కాగితం ఇచ్చి, డబ్బు మాత్రం కట్టలేదు. కంపెనీ తన వాటా ఎగ్గొడితే అది బాకీ. కోసిన వాటా ఎగ్గొడితే చట్టం దాన్ని నమ్మకద్రోహం కింద చూస్తుంది, అది క్రిమినల్ కేసు. బాధ్యత యజమానిదే, కానీ పీఎఫ్ ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున రిజిస్టర్లు తెచ్చి ఆయన ముందు పెట్టేది ఎవరు? ఆ పేస్లిప్పులు తయారుచేసింది ఎవరు? ఆ రోజు తమ్ముడూ అనే పిలుపు వినిపిస్తుందో లేదో చెప్పలేను.

అయినా ఇది మీరూ ఆయనా దాచుకునే రహస్యమేం కాదు. ఉమంగ్ యాప్‌లో యూఏఎన్, అంటే ఎవరి పీఎఫ్ నంబరు వాళ్లు, కొడితే పీఎఫ్ పాస్‌బుక్ కనపడుతుంది. ఫోనులో నుంచి తల ఎత్తని కుర్రాళ్లు మీ షెడ్డులో పదిమందైనా ఉంటారు. వాళ్లలో ఒకడు ఏదో ఒకరోజు టీ తాగుతూ చూస్తాడు. సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. అప్పుడు మీ బామ్మర్ది తలెత్తి చూసేది సార్ క్యాబిన్ వైపు కాదు, మీ వైపు.

సత్యం మాట. ఆ పేరు చెప్పి ఎంతమందిని ఎంతమంది ఆపుతున్నారో! 2009 జనవరి 7న చైర్మన్ తనంతట తానే ఉత్తరం రాసి, లెక్కలు తప్పని ఒప్పుకున్నాడు. నాలుగైదు రోజుల్లో ప్రభుత్వం పాత బోర్డును తీసేసి కొత్తవాళ్లను కూర్చోబెట్టింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కొనుక్కుంది. యాభై వేల పైచిలుకు ఉద్యోగులు, ప్రపంచమంతా క్లయింట్లు ఉన్న కంపెనీ కాబట్టి ఢిల్లీ పరిగెత్తుకొచ్చింది. అబ్బాయి సత్యంలో చేస్తాడంటే ఖాయమైన సంబంధాలు కూడా ఆ చలికాలం వెనక్కి పోయాయి, అలాంటి ఇళ్లు నాకు తెలుసు. 74 మంది ఉన్న జీడిమెట్ల షెడ్డు కోసం ఢిల్లీ రాదు. మీ సార్ ఇంకోటి మర్చిపోయారు. సత్యం బతికింది నిజం బయటపడ్డాక, యజమాని దిగిపోయాక. ఆయన మిమ్మల్ని అడుగుతున్నది దానికి సరిగ్గా ఎదురు పని.

ఒకవేళ కంపెనీ మూతపడి లిక్విడేషన్ దాకా, అంటే ఆస్తులమ్మి బాకీలు తీర్చేదాకా వెళ్తే 2016 దివాలా చట్టంలో ఒక వరుస ఉంది. కార్మికుల 24 నెలల జీతం బకాయిలు, తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన బ్యాంకులతో సమానంగా నిలబడతాయి. మీలాంటి ఆఫీసు ఉద్యోగులవి ఆ తర్వాత, అదీ 12 నెలల వరకే. వెల్డరు ముందు, అకౌంట్స్ సార్ వెనక. మీరేమో వెల్డరుని వెనక్కి నెట్టి సార్ పక్కన నిలబడ్డారు.

మా నాన్నగారు ఒక మిల్లులో గుమాస్తా. మిల్లు మూతపడుతుందని ఆయనకు మూడు నెలల ముందే తెలుసు. దొర చెప్పొద్దన్నాడని సొంత తమ్ముడికి కూడా చెప్పలేదు. బాబాయి అప్పటికే పెళ్లాం నగలు అమ్మి మిల్లు పక్కన స్థలం కొన్నాడు. తర్వాత పదకొండేళ్లు మా గడప తొక్కలేదు. మా అమ్మ సంక్రాంతికి అరిసెలు పంపితే డబ్బా తెరవకుండా తిరిగొచ్చేది. నేను ఈ మాటలు గట్టిగా అంటున్నాను అనిపిస్తే, కారణం ఆ డబ్బా.

మీ ఆవిడకు చెప్తే తమ్ముడికి చెప్పేస్తుందన్నారు. చెప్పదా మరి? చెప్పాలి. చెప్పకపోతే ఆమెను నేను తప్పుపట్టేదాన్ని. పుట్టింటి మనిషిని మీ చేతిలో పెట్టింది వాళ్లమ్మ, కట్టుకున్నది మిమ్మల్ని. ఈ రెండింటి మధ్య ఆమెను ఏమీ తెలియకుండా నిలబెట్టి, రోజూ ఆమె చేత్తోనే ఇద్దరికీ అన్నం కట్టించుకుంటున్నారు. రేపు ఇది బయటపడితే బామ్మర్ది ఏడాదికో రెండేళ్లకో క్షమిస్తాడేమో, మీ ఆవిడ సంగతి మాత్రం నేను హామీ ఇవ్వలేను.

కాబట్టి ముందు ఇంట్లో చెప్పండి, ఈ రాత్రే. ఆమె అరిస్తే అరవనివ్వండి. ఆదివారం ఇద్దరూ కలిసి అతని ఇంటికి వెళ్లండి. ఫోనులో కాదు, క్యారియర్ దగ్గర కాదు. ఆరు నెలల కాగితాలు తీసుకెళ్లి చూపించండి. "సార్ మంచోడే కానీ" అని మొదలుపెట్టకండి. "తెలిసే ఆపాను" అన్న మాట మీ నోటి నుంచి రావాలి. ఆ అమ్మాయి ఏడో నెల మనిషి, ఆమెను పక్కగదిలోకి పంపి మాట్లాడుకోకండి. గొలుసు ఆమెది, వినే హక్కు ఆమెదే.

ఆఫీసులో చేయాల్సింది చిన్నదే. సార్‌కి మెయిల్ పెట్టండి, నోటిమాట వద్దు. ఈ నెల నుంచి కోసిన పీఎఫ్ వచ్చే నెల 15లోగా కట్టకపోతే పేస్లిప్పులు నేను తయారుచేయనని రెండు లైన్లు చాలు. కాపీ మీ సొంత మెయిల్‌లో ఉంచుకోండి. "తమ్ముడూ, నువ్వు కూడానా" అంటారు. అననివ్వండి. పెళ్లికి ఆయన సర్దిన డబ్బు తిరిగి ఇచ్చేశారా లేదా మీరు రాయలేదు. ఇవ్వకపోతే ఎంతో లెక్క రాసి, రావలసిన జీతంలో తగ్గించుకోమని అదే మెయిల్‌లో చేర్చండి. దానికి వడ్డీగా బామ్మర్దిని ఇవ్వక్కర్లేదు. ఇక మీ ఉద్యోగం మాట: వెతుక్కోండి, అకౌంట్స్ తెలిసిన మనిషికి ఈ ఊళ్లో పని దొరక్కపోదు. దానికి నా సలహా ఎందుకు?

సోమవారం పొద్దున్నే పాశమైలారం వాళ్లకు ఫోన్ చేసి, ఆ పని ఇంకా ఖాళీగా ఉందేమో మీరే కనుక్కోండి. ఆపింది మీరు కాబట్టి అడగాల్సింది కూడా మీరే. లేదంటే ఇంకో నాలుగు చోట్ల అడగండి, ఆర్గాన్ వెల్డింగ్ వచ్చినవాడికి బాలానగర్ నుంచి పటాన్‌చెరు దాకా గేట్లు ఉన్నాయి. ఆదివారం వెళ్లినప్పుడు ఆ గొలుసు ఎక్కడ పెట్టాడో, ఎంతకు పెట్టాడో అడిగి, రసీదు మీరు తీసుకోండి.