విరాళాలతో వచ్చే జీతం పరువు తక్కువ కాదు

ప్రశ్న: నెల్లూరు నుంచి వచ్చి చెన్నై పెరంబూరులో స్థిరపడ్డాం. బీకాం చివరి సంవత్సరంలో ఉన్న మా అమ్మాయి ద్వీపాల్లో వన్యప్రాణులను కాపాడే ధార్మిక సంస్థల్లో పనిచేస్తానంటోంది. ముందుగా ఒక విదేశీ ద్వీపంలో ఆరు వారాల వాలంటీరు కార్యక్రమానికి నాలుగు లక్షలు కట్టమంటోంది. ఎంబీఏ మేలా, ఇది మేలా? ఒకరిచ్చే విరాళాలతో బతుకుతోందని బంధువులకు ఎలా చెప్పుకోవాలి?

జవాబు: మీరు ముందుగా అడిగింది ఎంబీఏ గురించే అయినా, మీకు నిద్ర పట్టనివ్వనిది చివరి వాక్యం. చాలామంది తండ్రుల నోట దాన్ని విన్నాను కనుక మొదట దానికే సమాధానం చెబుతాను.

దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా ద్వీపానికి వేటగాళ్ల ఓడల్లో ఎలుకలు చేరి, నేల మీద గూడు కట్టే పక్షుల గుడ్లనూ పిల్లలనూ తినేశాయి. మరెక్కడా కనిపించని సౌత్ జార్జియా పిపిట్ అనే చిన్న పిట్ట ఎలుకలు చేరని చోట్లకే పరిమితమైపోయింది. స్కాట్లాండ్‌కు చెందిన సౌత్ జార్జియా హెరిటేజ్ ట్రస్టు సుమారు కోటి పౌండ్ల ఖర్చుతో, ఎక్కువగా దాతల సాయం మీదే, 2011 నుంచి 2015 వరకు మూడు విడతలుగా హెలికాప్టర్లతో విషపు ఎర చల్లించింది. శిక్షణ పొందిన కుక్కలతో గాలించిన తర్వాతే, 2018లో, ఎలుకలు లేవని ప్రకటించింది. చూలుతో ఉన్న ఒక్క ఎలుక మిగిలినా శ్రమంతా వృథా అయ్యే అటువంటి పనిలో నడుమ డబ్బు ఆగకూడదు. ఆగకుండా చూసేవారికి ఇచ్చేది జీతమే తప్ప భిక్ష కాదు.

ఇక ఆ నాలుగు లక్షల కార్యక్రమం నాకు ఏమాత్రం నచ్చలేదు. అందులో ద్వీపానికి ఎంత చేరుతుందో, నిర్వాహకులకు ఎంత మిగులుతుందో రాతపూర్వకంగా అడిగించండి. నా దగ్గరకు వచ్చిన పిల్లల్లో ఇద్దరు ఇలాగే వెళ్లి ఫొటోలు, సర్టిఫికెట్టు తెచ్చుకున్నారు. అక్కడ ఏం చేశారని ఇంటర్వ్యూలో అడిగితే చెప్పడానికి వారి దగ్గర ఏమీ లేకపోయింది. ఆరు వారాల్లో కొత్తవారు పని నేర్చుకునేలోపే తిరుగు ప్రయాణం వస్తుంది, నేర్పిన స్థానికుల సమయం మాత్రం ఖర్చవుతుంది.

అసలు అంత దూరం ఎందుకు? చెన్నై దగ్గర ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద 1976లో మొదలైన మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ ట్రస్టే 1990లలో దక్షిణ అండమాన్‌లోని వండూరులో క్షేత్ర కేంద్రాన్ని నెలకొల్పింది. లిటిల్ అండమాన్ తీరాల్లో గుడ్లు పెట్టే లెదర్‌బ్యాక్ తాబేళ్లను బెంగళూరులోని దక్షిణ్ ఫౌండేషన్ పరిశీలిస్తోంది. ఇటువంటి సంస్థలకు జీవశాస్త్రజ్ఞులే కాదు, లెక్కలు తెలిసినవారూ కావాలి, ఎందుకంటే వాటికి వచ్చే డబ్బుకు నియమాలున్నాయి. కంపెనీల చట్టంలోని ఈ నిబంధన వర్తించే కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. విదేశీ విరాళంలో 20 శాతానికి మించి పరిపాలనా ఖర్చులకు వాడకూడదన్నది విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ. నా పూర్వ విద్యార్థిని ఒకరు ఇటువంటి పనిలోనే ఉన్నారు. ఒకసారి ఆమె బల్ల మీద పడవ డీజిల్ రసీదు చూశాను: ఉప్పునీరు తగిలి సిరా చెదిరి, అంకె సగమే కనిపిస్తోంది. ఆమె పడవ నడిపే ఆయనకు ఫోన్ చేసి లీటర్లు కనుక్కుని, లాగ్ పుస్తకంతో సరిచూసుకున్న తర్వాతే దాన్ని ఫైలులో పెట్టింది. మీ అమ్మాయి బీకాం అక్కరకు వచ్చేది సరిగ్గా ఇక్కడే.

ఎంబీఏ ఎక్కడికీ పోదు, రెండేళ్లు పనిచేశాక చేస్తే ఇంకా మేలు. తొలి జీతం కార్పొరేట్ ఉద్యోగం కంటే తక్కువే ఉంటుంది, దాచను. అయితే ఒక మాట కటువుగానే అనాలి. మీ ఉత్తరంలో ఖర్చు ఉంది, బంధువులున్నారు. ఆమెకు ఈ కోరిక ఎక్కడ పుట్టిందో మాత్రం లేదు. అంటే మీరు అడగలేదు. చెన్నై తీరంలో 1988 నుంచి విద్యార్థులే రాత్రిళ్లు నడిచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లను కాపాడుతున్నారు. ఈ సీజన్‌లో ఒక రాత్రి ఆమెతో కలిసి మీరూ నడవండి, దారిలో అడగండి. ఆ నాలుగు లక్షలు ఆమె పేరున బ్యాంకులో వేయండి. అద్దెకు జీతం చాలని తొలి నెలల్లో అవి పనికొస్తాయి.