సంఘం ఒకటే, బల్లలు రెండు

తమ్ముడూ,

గుంటూరులో మీరు పెట్టబోయే సంఘానికి లైంగిక అల్పసంఖ్యాకుల సంఘం అన్న పేరు చాలదా, ట్రాన్స్‌జెండర్ అన్న మాట విడిగా చేర్చాలా అని అడిగావు. సంఘం ఒకటే పెట్టండి. లోపల మాత్రం రెండు బల్లలు వేయండి, ఒకటి అందరికీ ఉమ్మడిది, ఒకటి ట్రాన్స్‌జెండర్ (ట్రాన్స్) వాళ్లది. ట్రాన్స్ వాళ్ల బల్ల దగ్గర నిర్ణయమూ డబ్బూ మైకూ వాళ్ల చేతిలోనే ఉండాలి. ఈ సంగతి మొదటి రోజే నియమావళిలో రాసుకోకపోతే, పేరులో ఎన్ని మాటలు చేర్చినా ఆ సంఘం నిలవదు.

తాను ఆడా, మగా, ఇంకొకరా అన్నది జెండర్; పుట్టినప్పుడు రాసిన జెండర్ తనది కాదనుకునేవాళ్లు ట్రాన్స్‌జెండర్లు. మనసు ఎవరి మీదకు పోతుందన్నది లైంగికత; మగవాళ్ల మీదకే పోయే మగవాళ్లు గే, ఆడవాళ్ల మీదకే పోయే ఆడవాళ్లు లెస్బియన్, ఇద్దరి మీదకూ పోయేవాళ్లు బైసెక్సువల్. ట్రాన్స్ మహిళకు, అంటే మగబిడ్డ అని రాసినా తాను ఆడమనిషినని తెలుసుకున్నవారికి, మగవాళ్ల మీద ఇష్టం ఉండొచ్చు, ఆడవాళ్ల మీద ఉండొచ్చు, ఎవరి మీదా లేకపోవచ్చు. అందుకని సభ్యత్వ ఫారంలో ఈ రెండింటికీ వేర్వేరు గడులు పెట్టు. ఇష్టమైతేనే నింపమను. పిలవాల్సిన పేరు మాత్రం తప్పకుండా అడుగు. ఆధార్‌లో పేరు ఏమిటన్నది పని పడినప్పుడే అడగాలి. ఆ ఫారాలు తాళం వేసిన బీరువాలో ఉండాలి, ఎవరి ఫోన్‌లోనూ ఫొటోలుగా ఉండకూడదు.

అసలు ట్రాన్స్ వాళ్లనీ గే, లెస్బియన్ వాళ్లనీ ఒక చోటికి చేర్చింది పోలీసు కేసులే. 1871 నాటి నేరస్థ తెగల చట్టం హిజ్రాల పేర్లను రిజిస్టర్లకెక్కించింది. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ కింద తొలినాళ్ల కేసుల్లో ఒకటైన 1884 అలహాబాద్ హైకోర్టు కేసులో నిందితుడంటూ నిలబెట్టింది ఆడబట్టలు కట్టుకున్న మనిషిని. నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో (1919 ప్రాంతంలో) చేసిన చట్టం ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోనిచ్చింది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జూలైలో! లాఠీ పట్టినవాడు జెండరూ లైంగికతా వేరు చేసి చూడలేదు. కాబట్టి పోలీసులు, ఇంటివాళ్ల హింస, 'మార్చేస్తాం' అనే వైద్యాలు, అద్దె ఇల్లు దొరక్కపోవడం, ఇవన్నీ ఉమ్మడి బల్ల మీదికి రావాలి.

చట్టం దగ్గరకొచ్చేసరికి దారులు విడిపోయాయి. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నల్సా తీర్పు (జాతీయ న్యాయసేవల సంస్థ వేసిన కేసులోది) ట్రాన్స్‌జెండర్లకు మూడో జెండర్‌గా గుర్తింపునిచ్చింది, దానికి సర్జరీ షరతు పెట్టకూడదంది. గే, లెస్బియన్, బైసెక్సువల్ వ్యక్తులు ఆ మూడో జెండర్ కిందికి రారని 2016లో సుప్రీంకోర్టే స్పష్టం చేసింది. వాళ్లను 377 సెక్షన్ నేరం నుంచి తప్పించింది 2018 సెప్టెంబరు తీర్పు. 2023 అక్టోబరులో అదే కోర్టు స్వలింగ జంటలకు పెళ్లి హక్కు ఇవ్వలేదు; ఆడ, మగ జంటగా ఉన్న ట్రాన్స్ వ్యక్తులు మాత్రం ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చంది. మగవాడిని పెళ్లాడిన ట్రాన్స్ మహిళ, భర్తా అత్తింటివాళ్లూ పెట్టే హింసకు సంబంధించిన 498ఏ కింద ఫిర్యాదు చేయవచ్చని 2025లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. పెళ్లి గురించి అడగడానికి వచ్చిన ఇద్దరికి ఒకే జవాబు చెప్పి పంపితే ఒకరికి తప్పు చెప్పినట్టే.

అర్జీల్లోనూ ఇదే జాగ్రత్త పాటించు. ఆంధ్రలో సామాజిక పింఛను జాబితాలో ట్రాన్స్‌జెండర్లు విడి వర్గం. 'ఎల్జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్) వారికి పింఛను' అని అందరినీ కలిపి రాస్తే అలాంటి వర్గమే లేదని కాగితం వెనక్కి వస్తుంది, అర్హత ఉన్నవాళ్లూ నష్టపోతారు. గుర్తింపు పత్రం పద్ధతికి ఆధారం 2019 చట్టమూ 2020 నియమాలూ. వీటిలో మార్పులు వస్తుంటాయి గనక పాత కరపత్రం చూసి చెప్పకుండా, ఆ రోజు అమల్లో ఉన్నదేమిటో కలెక్టరేట్‌లో కనుక్కుని చెప్పు. వెళ్లేముందు ఆధార్, పదో తరగతి మెమో, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి పేరు స్పెల్లింగూ పుట్టిన తేదీ సరిచూడాలి. ఫైళ్లు ఎక్కువగా ఆగేది అక్కడే.

వైద్యం మాటకొస్తే, హెచ్ఐవీ నివారణ కార్యక్రమాల్లో ఒకప్పుడు ట్రాన్స్ మహిళలను మగవాళ్లతో సంబంధం ఉన్న మగవాళ్ల లెక్కలో కలిపేశారు. కండోమ్ అందింది గానీ హార్మోన్ల గురించి అడిగే చోటు లేకపోయింది. మీరు డాక్టరుతో శిబిరం పెడితే ఎండోక్రైనాలజిస్టునూ (హార్మోన్ల డాక్టరునూ) పిలవండి. మందుల దుకాణంలో హార్మోన్ మాత్రలు కొనుక్కుని రక్తపరీక్షలు లేకుండా వాడేవాళ్లకు ముందు చెప్పాల్సింది రక్తం గడ్డకట్టే ప్రమాదం గురించి.

అందరూ మరిచిపోయేది ట్రాన్స్ పురుషులను, అంటే ఆడబిడ్డ అని రాసినా తాము మగవాళ్లమని తెలుసుకున్నవాళ్లను. హిజ్రాలకు గురువూ, ఆ గురువు కింద కలిసి బతికే జమాతూ ఉంటాయి, వీళ్లకు ఇల్లు తప్ప దిక్కు లేదు, ఆ ఇంట్లోనే బలవంతపు పెళ్లి. పారిపోయి వస్తే తల్లిదండ్రులు 'అమ్మాయి కనిపించడం లేదు' అని కేసు పెడతారు. మేజరని చూపే కాగితం నకలు, 'నా ఇష్టంతో వచ్చాను' అని స్వయంగా రాసి సంతకం చేసిన కాగితం, వెంట ఒక లాయరు, ఈ మూడూ సిద్ధం చేసుకున్నాకే స్టేషన్‌కి వెళ్లండి. కేసు హైకోర్టుకెక్కితే సుప్రీంకోర్టు 2024 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాలను లాయరుకి గుర్తు చెయ్యి. కౌన్సెలింగ్ పేరుతో మనిషి గుర్తింపునో లైంగికతనో మార్చడానికి కోర్టులు పూనుకోకూడదని అందులో ఉంది. లెస్బియన్ అమ్మాయిలకూ ఇదే రక్షణ, ఇది ఉమ్మడి బల్ల పనే.

గొడవలు సమావేశాల్లోనే మొదలవుతాయి. బయటికి తెలియకుండా బతికే గే కుర్రాడు చీర కట్టుకున్న అక్క పక్కన ఫొటో దిగడానికి భయపడతాడు. ఆ భయం నిజమే. కానీ ఆమెను వెనక కూర్చోబెట్టి దాన్ని తీర్చకూడదు. ఫొటోలు మానేయండి, లేదా అడిగి ఒప్పుకున్నవాళ్లవే తీయండి. వాట్సాప్‌లో పరిచయాల గ్రూపు వేరు, సంఘం గ్రూపు వేరుగా ఉంచండి. సాయంత్రాలు దుకాణాల చుట్టూ తిరిగి డబ్బులడిగి బతికే ట్రాన్స్ వాళ్లకు శనివారం సాయంత్రం కాఫీ షాపులో మీటింగ్ అంటే ఆ రోజు కూడు పోయినట్టే. వేళ వాళ్లనే అడిగి పెట్టు, ఆటో ఖర్చు సంఘం ఇవ్వాలి.

నియమావళి ముసాయిదాని రిజిస్ట్రేషన్‌కి ఇచ్చేముందు ట్రాన్స్ సభ్యుల ముందు గట్టిగా చదివి వినిపించు, చదువురాని వాళ్లూ ఉంటారు. వాళ్లు మార్చమన్న చోట మార్చాకే సంతకాలు పెట్టించు.