నేను ఏడిస్తే బిడ్డ మెదడుకు ముప్పా?

ప్రశ్న: నాకిప్పుడు 26వ వారం. నాలుగో నెలలో మా నాన్న పోయారు. కడుపుతో ఉన్నానని చివరిచూపు కూడా చూడనివ్వలేదు. అప్పట్నుంచి తెల్లవారుజామున 3 గంటలకే మెలకువ వస్తోంది, తిండి సయించడం లేదు. ఏడ్చినప్పుడల్లా మా అత్తగారు ‘బిడ్డ బుర్ర దెబ్బతింటుంది’ అంటారు. మావారు అడ్డు చెప్పరు. ఒత్తిడి హార్మోన్లు మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డ మెదడుకు వెళ్తాయని ఫోన్‌లో చదివాను. దగ్గుకు పది రోజులుగా అతిమధురం కషాయం తాగుతున్నాను. బిడ్డకు ఇప్పటికే చెరుపు జరిగిపోయిందా?

జవాబు: తండ్రి పోతే కూతురు ఏడవకుండా ఎలా ఉంటుందమ్మా? ఏడుపు బిడ్డ మెదడును పాడుచేయదు. మీరు చదివినదాంట్లో కొంత నిజం ఉంది గానీ, మధ్యలో మాయ చేసే పని గురించి ఎవరూ చెప్పినట్టు లేరు.

మీ రక్తం, బిడ్డ రక్తం మాయలో కలిసిపోవు. ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ అక్కడికి రాగానే 11బీటా-హెచ్‌ఎస్‌డి2 అనే ఎంజైము దానిలో చాలా భాగాన్ని పనిచేయని కార్టిసోన్‌గా మార్చేస్తుంది. అందుకే బిడ్డ రక్తంలో కార్టిసాల్ మీ రక్తంలోకన్నా 5 నుంచి 10 రెట్లు తక్కువ. మొత్తం ఆగిపోకూడదు కూడా: ఊపిరితిత్తులు, మెదడు పక్వానికి రావాలంటే కొంత కావాలి. ఏ దిగులూ లేని గర్భిణికీ చివరి నెలల్లో కార్టిసాల్ బాగా పెరుగుతుంది.

చిక్కు వచ్చేది నెలల తరబడి తెరిపి లేకుండా సాగే ఆందోళనతో. అలాంటి తల్లుల మాయలో ఈ ఎంజైము తగ్గినట్టు కొన్ని పరిశీలనల్లో కనిపించింది. ఇంకోటి: మెదడులో సీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను కార్టిసాల్ అణిచేస్తుంది, మాయలో మాత్రం పెంచుతుంది. అది ముందుగానే ఎక్కువైతే నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం పెరుగుతుంది. 1998 జనవరిలో కెనడాలోని క్యూబెక్‌లో మంచు తుపాను వచ్చి, కొన్నిచోట్ల వారాల తరబడి కరెంటు లేదు. ఆ కష్టం ఎక్కువ పడ్డ గర్భిణుల పిల్లలకు మాట, ఆలోచన పరీక్షల్లో మార్కులు సగటున తగ్గాయి. సగటున మాత్రమే, ఫలానా తల్లి బిడ్డకు ఏమవుతుందో దాన్నిబట్టి చెప్పలేం. పుట్టాక ఎత్తుకుని, మాట్లాడుతూ పెంచే పెంపకానికి ఆ తేడాను తగ్గించే బలం ఉంది.

అసలు నన్ను ఆపింది మీ కషాయం. అతిమధురంలోని గ్లైసిరైజిన్ సరిగ్గా ఈ ఎంజైమునే అడ్డుకుంటుంది, బీపీ పెంచుతుంది. ఫిన్లాండ్‌లో గర్భిణిగా వారానికి 500 మిల్లీగ్రాములకు మించి గ్లైసిరైజిన్ తిన్నవాళ్ల పిల్లలు తెలివితేటల పరీక్షల్లో వెనకబడ్డారు. ఈ రోజే మానేయండి. మానేశాక ఎంజైము మళ్లీ పనిలో పడుతుంది, కాబట్టి పది రోజులకే హడలిపోవద్దు. ఈ వారం బీపీ మాత్రం చూపించుకోండి. దగ్గుకు ఉప్పునీళ్లతో పుక్కిలించడం, గోరువెచ్చని నీళ్లలో తేనె చాలు. రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించాలి.

(ముందే కాన్పయ్యే సూచన ఉంటే డాక్టర్లు ఇచ్చే డెక్సామెథసోన్ కార్టిసాల్ లాంటి మందే అయినా ఈ ఎంజైముకు పెద్దగా లొంగదు. బిడ్డ ఊపిరితిత్తులకు చేరాలనే ఇస్తారు. ఇదంతా చదివి దాన్ని వద్దనకండి.)

ఇక మూడింటికి మెలకువ, సయించని తిండి, రెండు నెలలు దాటిన దిగులు. ఇది ఒట్టి దుఃఖమేనా, కుంగుబాటుగా మారిందా అన్నది తేల్చుకోవాలి. చెకప్‌లో ఎడిన్‌బరో ప్రశ్నావళి అడగండి: గత 7 రోజుల గురించి 10 ప్రశ్నలు, మొత్తం 30 మార్కులు. 13 గానీ అంతకు మించి గానీ వస్తే సైకియాట్రిస్టును కలవండి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించి. దానికి సున్నా కాక ఏ మార్కు వచ్చినా ఆ రోజే కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కుంగుబాటుకు మాత్రలు మొదలుపెడితే ‘కడుపుతో ఉన్నాను కదా’ అని సొంతంగా ఆపేయకండి. ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. తిండి లేక బరువు పెరగకపోతే అదీ డాక్టరుకు చెప్పండి.

28వ వారం నుంచి రోజూ ఒకసారి, తిన్నాక ఎడమవైపు తిరిగి పడుకుని కదలికలు లెక్కపెట్టండి. 2 గంటల్లో 10 రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మీవారికి ఈ జవాబు చూపించండి. వాళ్లమ్మతో మాట్లాడాల్సింది ఆయనే, మీరు కాదు. ‘అమ్మా, తను ఏడుస్తుంటే పక్కన కూర్చో, బిడ్డ మాట మాత్రం ఎత్తకు’ అంటే చాలు, గొడవ అక్కర్లేదు. ఆమె మాటల వెనక ఉన్నదీ భయమే.

చివరిచూపు దక్కలేదన్న బాధ అత్తగారింట్లో కూర్చుంటే తీరదు. డాక్టరు సరేనంటే నాలుగు రోజులు మీ అమ్మ దగ్గరికి వెళ్లండి. ఆమెతో కలిసి నాన్న వస్తువులు సర్దండి, ఏడవాలనిపిస్తే ఇద్దరూ ఏడవండి. ఐరన్, కాల్షియం మాత్రలు, చెకప్ ఫైలు బ్యాగులో పెట్టుకోవడం మరిచిపోకండి. ఆ రెండు మాత్రలూ ఒకేసారి వేసుకోకూడదు, మధ్య కనీసం 2 గంటల ఎడం ఉండాలి.