ఉసిళ్ళు పట్టే ముందు, కీచురాళ్ళు పెంచే ముందు

చిరంజీవి అల్లుడికి మీ అత్త ఆశీస్సులు.

దేవరకొండ దగ్గర మన చెలకలో షెడ్డు వేసి కీచురాళ్ళు పెంచుతానని, ఈ తొలకరికి పుట్టల్లోంచి లేచే రెక్కల చెదపురుగులు, అదే ఉసిళ్ళు కూడా తిండికి పట్టి అమ్ముతానని రాశావు. ఊరివాళ్ళు నవ్వుతారని మీ నాన్న బాధపడుతున్నాడట. నవ్వేవాళ్ళలో సగం మంది చిన్నప్పుడు ఉసిళ్ళు వేయించుకుని తిన్నవాళ్ళే. ప్రపంచంలో దాదాపు 200 కోట్ల మంది భోజనంలో పురుగులు ఉన్నాయని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లోనే చెప్పింది. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిగ్గుపడాల్సిన తిండి కాదిది. నా భయమల్లా పురుగుమందు గురించే.

మన చుట్టూ ఎటు చూసినా పత్తి. పత్తికి కొట్టిన మందు గట్టు మీది గడ్డికీ, గడ్డిలోని పురుగుకీ అంటుతుంది. కాబట్టి పత్తి చేల గట్ల మీది పుట్టల జోలికి పోవద్దు. వీధి దీపాల కింద రాలినవీ వద్దు, అవి ఏ పుట్టలోంచి ఎగిరి వచ్చాయో మనకు తెలియదు. పునాదుల్లో చెదల మందు పోయించిన ఇళ్ళ దగ్గరివైతే అసలే ముట్టుకోవద్దు. గుట్ట కింద ఎవరూ దున్నని బీడులో పుట్టలున్నాయి, అక్కడికే వెళ్ళు. పక్క చేనువాళ్ళు ఎప్పుడు ఏం మందు కొట్టారో ముందుగా అడుగు. అడగడానికి మొహమాటపడవద్దు.

మంచి వాన పడి, గాలి ఆగి, నేల చెమ్మగా ఉన్న సాయంత్రం చూసుకో. పుట్టకు కొత్తగా రంధ్రాలు తెరుచుకుని, వాటి చుట్టూ పెద్ద తలల చెదపురుగులు కాపలాగా కనిపిస్తే కాసేపట్లో ఉసిళ్ళు లేస్తాయి. కాస్త దూరంలో వెడల్పాటి తాంబాళంలో నీళ్ళు పోసి, దాని మీద దీపం వేలాడదీస్తే చాలు, అవే వచ్చి పడతాయి. పుట్టను తవ్వవద్దు, గుడ్డ కప్పి మొత్తం పట్టేయవద్దు. ఎగిరిన వాటిలో ఎక్కడో ఒక జంట మిగిలితేనే మరో పుట్ట లేస్తుంది. పిట్టలకు, కప్పలకు కూడా అదే విందు. ఆ రాత్రి ఇంట్లోవాళ్ళు తినగలిగినన్ని రాగానే దీపం ఆర్పేయాలి.

నీళ్ళు వంచేసి, ఇనుప మూకుడులో సన్నని సెగ మీద కలుపుతూ వేయించు. నూనె పోయనక్కరలేదు, వాటి కొవ్వే సరిపోతుంది. కరకరలాడే దాకా వేగాక దించి, చల్లార్చి, చాటలో వేసి చెరిగితే రెక్కలన్నీ గాలికి పోతాయి. తర్వాత ఉప్పు, కారం, గుప్పెడు మరమరాలు కలుపు. కొవ్వు ఎక్కువ కాబట్టి నిలవ ఉంచితే ముక్కవాసన వస్తుంది, ఆ రోజుకారోజే తినేయాలి. పచ్చివి ఎవరికీ పెట్టవద్దు. రొయ్యలు తింటే దద్దుర్లు వచ్చేవాళ్ళకు వేయించినవీ పెట్టవద్దు, పురుగులు కూడా వాళ్ళకు పడకపోవచ్చు.

ఇక అమ్మే మాట. ఉసిళ్ళను అమ్మడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఏడాదిలో కొద్ది రోజులే దొరికే వాటికి ధర పలికిందంటే, మరుసటి ఏడాదికి గుట్ట కింద ఒక్క పుట్ట మిగలదు.

కీచురాళ్ళు వేరు, వాటిని పెంచుకోవచ్చు. థాయిలాండ్‌లో వేల మంది రైతులు పెంచుతున్నారు. కిలో బరువు పెరగడానికి కోడికి రెండున్నర కిలోల మేత కావాలి, కీచురాయికి 1.7 కిలోలు చాలంటారు. అయితే అది మంచి మేత వేసినప్పటి లెక్క. చెత్తాచెదారం వేస్తే అవి ఎదగవు. కోళ్ళ దాణా వేయి. పత్తి చేలో కోసిన ఆకు మాత్రం వేయవద్దు.

దాక్కోవడానికి కోడిగుడ్ల అట్టలు, గుడ్లు పెట్టడానికి తడిమట్టి పళ్ళెం పెట్టాలి. పిల్లలు నీళ్ళలో పడి చస్తాయి కాబట్టి గిన్నెకు బదులు తడిపిన స్పాంజి ఉంచు. చీమలు రాకుండా బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టు. చీమల మందు చల్లితే కీచురాళ్ళూ పోతాయి. ముప్ఫై డిగ్రీల వేడిలో అవి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఎదుగుతాయి. కానీ మన ఎండాకాలం నలభై దాటుతుంది.

మొదటి ఏడాది రెండు పెట్టెలకు మించవద్దు. వచ్చినవి ఇంటి నాటుకోళ్ళకు వేసి, గుడ్లు అమ్ముకో. మనుషుల తిండిగా అమ్మాలంటే ముందు ఆహార భద్రత అధికారులను రాతపూర్వకంగా అడిగి, జవాబు చేతికి వచ్చాకే అడుగు వేయి.

షెడ్డుకు పైకప్పు ఏం వేస్తున్నావో రాయి. రేకులు కొనాలనుకుంటే ఆగు, వాటి కింద వేసవిలో ఏదీ బతకదు. తాటాకు నేను చెప్పి కొట్టిస్తాను.

మీ అత్త