జాషువా ట్రీ నేషనల్ పార్కులో చూసిన ఆ తెల్ల పువ్వు పేరు

అమెరికాలో కాలిఫోర్నియా ఎడారిలోని ఆ పార్కులో మీరు తీసి, ఈ పువ్వు పేరేమిటని అడిగిన ఫొటో చూశానండీ. ఇసుకకు అతుక్కుపోయినట్టు పెరిగిన మొక్క, తెల్ల రేకులు, మధ్యలో పసుపు బొడ్డు అంటున్నారు కదా, అది మోహావీ డెసర్ట్‌స్టార్, శాస్త్రీయ నామం మోనాప్టిలాన్ బెలియాయిడీస్. మన గడ్డిచామంతి కాదు. గడ్డిచామంతి పువ్వు పొడుగాటి కాడ మీద విడిగా నిలబడుతుంది, రేకులూ నాలుగైదే.

అక్కడే పెరిగే ఊలీ డైసీతో చాలామంది పొరబడతారు. తేడా తెలియాలంటే ఫొటో పెద్దది చేసి ముందు ఆకులు చూడండి. ఊలీ డైసీకి దూది అంటించినట్టు మెత్తటి తెల్ల నూగు ఉంటుంది, రేకులు పదికి మించవు. మీ దాంట్లో సన్నటి ఆకుల మీద బిరుసు వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి, రేకులూ పదిహేను దాటాయి, కాబట్టి నాకైతే అనుమానం లేదు.

చిన్నగా ఉందని టెన్షన్ పడకండి, ఇది ఏకవార్షికం, అంటే ఏడాదిలోపే బతుకు ముగించే మొక్క, వానలు సరిగా పడని ఏడాది అంగుళం కూడా పెరగకుండానే ఒక్క పువ్వు పూసి ఎండిపోతుంది, బాగా పడితే అదే మొక్క జానెడు వెడల్పున చాపలా పరుచుకుంటుంది. ఈసారి వెళ్తే దయచేసి కోయకండి, నేషనల్ పార్కులో అది నిషేధం. నేల మీద పడుకునైనా పక్కనుంచి ఇంకో ఫొటో తీయండి.