అడ్వాన్స్ తీసుకునే ముందు

ఒరేయ్ అల్లుడూ,

స్టూడియో బోర్డు ఫోటో చూశాను, బాగుంది. అక్షరాలు ఇంకాస్త పెద్దవి పెట్టిస్తే బస్సులో పోయేవాళ్లకి కూడా కనబడేవి. కెమెరా గురించి నీకు నేను చెప్పేదేమీ లేదు. పెళ్లివారితో బేరం మాట్లాడటం గురించి మాత్రం నాలుగు ముక్కలు రాస్తున్నాను. మన పనిలో ఫోటో బాగా రాక వచ్చే గొడవలు తక్కువ. వాళ్లొకటి అనుకుని, మనమొకటి అనుకుని వచ్చేవే ఎక్కువ.

ముందు శుభలేఖ అడుగు. ఫోన్లో తారీఖు చెప్తే రాసుకుని ఊరుకోకు. మన ముహూర్తాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే కదా. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఫోన్‌లో క్యాలెండర్‌కి రాత్రి 12 గంటలకి. శనివారం రాత్రి 2.36కి ముహూర్తమంటే పంచాంగంలో అది శనివారమే, నీ ఫోన్‌లో మాత్రం ఆదివారం. అందుకే శుభలేఖలో 'తెల్లవారితే ఆదివారం' అని వేయిస్తారు. మా పక్కవీధి కుర్రాడొకడు ఆ ముక్క చూడకుండా 'ఆదివారం, రాత్రి రెండున్నర' అని డైరీలో రాసుకున్నాడు. ఆదివారం రాత్రి పదింటికి లైట్లు, స్టాండ్లు, అసిస్టెంటుతో సహా కల్యాణమండపం ముందు దిగాడు. లోపల డెకరేషన్ వాళ్లు బంతిపూల దండలు తెంపి గోతాల్లో కుక్కుతున్నారు. పెళ్లివారేరని అడిగితే, "పొద్దున్నే అప్పగింతలు కూడా అయిపోయాయి. నువ్వు ఎవరి తాలూకు?" అన్నాడట వాచ్‌మన్. మగపెళ్లివారు విడిగా ఇంకో ఫోటోగ్రాఫర్‌ని తెచ్చుకున్నారు కాబట్టి ఆ పెళ్లికి ఫోటోలంటూ మిగిలాయి. నువ్వు మాత్రం '10 శనివారం రాత్రి, అంటే 11 ఆదివారం తెల్లవారుజాము' అని రసీదు మీద రెండూ రాసి, పైకి చదివి వినిపించు. పెళ్లికూతురి తండ్రి ఊఁ అన్నాకే డబ్బు ముట్టుకో.

బయటి నుంచి కెమెరామన్‌ని తెచ్చుకున్నావా, మనకి సుముహూర్తమంటే జీలకర్ర-బెల్లమని ముందే చెప్పు. వేరే రాష్ట్రం కుర్రాడైతే తాళి కట్టడమే అసలు ఘట్టమనుకుని, సరిగ్గా తెర దించే వేళకి బ్యాటరీ మార్చుకుంటూ కూర్చుంటాడు.

ఇక క్యాండిడ్. మాట్లాడుకునేది పెళ్లికూతురు, డబ్బిచ్చేది వాళ్ల నాన్న. ఆ అమ్మాయికి ఎవరూ కెమెరా వైపు చూడకూడదు. ఆల్బమ్ చేతికొచ్చాక ఆయన, "ఇంత డబ్బు తీసుకుని ఒక్కరిని కూడా ఇటు చూడమనలేదేంటయ్యా?" అంటాడు. ఆయన తప్పేం లేదు. అక్షింతలు వేసిన మేనత్త ఫోటో లేకపోతే ఆ ఇంట్లో ఏళ్ల తరబడి మాట పడేది ఆయనే. అందుకని క్యాండిడ్‌కి ఒకరు, స్టేజీ మీద వరసకి ఒకరు అని ఇద్దరిని పెట్టు. రెండు రకాల పాత ఆల్బమ్‌లూ తండ్రీకూతుళ్లిద్దరినీ కూర్చోబెట్టి చూపించు.

రా ఫోటోలు కావాలంటే వెంటనే సరేననకు. వాళ్లడిగేది తీసినవన్నీ ఇమ్మని. నువ్వు నిజంగానే రా ఫైళ్లు, అంటే కెమెరాలో పడ్డ ముడి ఫైళ్లు, పెన్‌డ్రైవ్‌లో పోసిచ్చావనుకో, అవి వాళ్ల టీవీలో తెరుచుకోవు. ఫోటోలన్నీ పాడుచేశావని చుట్టాలందరికీ ఫోన్లు వెళ్తాయి. జేపెగ్‌లు ఇచ్చెయ్యి.

నలభై షీట్ల ఆల్బమ్ అంటే నలభై ఫోటోలేనా అని మొహం చిన్నబుచ్చుకునేవాళ్లుంటారు. ఒక షీటు తిప్పి, దాని మీద చాలా ఫోటోలు పడతాయని చూపిస్తే అది అక్కడితో తీరిపోతుంది.

తీరనిది సెలెక్షన్. ఆల్బమ్‌లోకి ఏ ఫోటోలు వెయ్యాలో వాళ్లు ఏరి పంపుతారని మనం ఎదురుచూస్తాం. ఆల్బమ్ ఎప్పుడిస్తాడా అని వాళ్లు ఎదురుచూస్తారు. నాకు తెలిసిన ఒకాయన్ని బారసాల ఫోటోలకి పిలిచి, పనిలో పనిగా పెళ్లి ఆల్బమ్ కూడా తెమ్మన్నారు! ఎవరి తప్పని తేల్చడానికి ఉయ్యాల దగ్గరే పంచాయితీ. కాబట్టి రసీదులో ఆ గడువు కూడా రాయి: లింక్ పంపిన నెలలోపు ఏరి పంపాలి, లేకపోతే నువ్వే ఏరి వేస్తావు. ఆ మాట చూశాక ఎంత బద్ధకస్తులైనా వారంలో పంపేస్తారు.

నేను వాడే రసీదు నమూనా వాట్సాప్‌లో పెట్టాను. పేరు, నంబరు మార్చుకుని అచ్చు వేయించుకో. వ్రతానికీ రిసెప్షన్‌కీ రేటు విడిగా రాయడానికి కింద ఖాళీ ఉంచాను, అది మాత్రం తీసెయ్యకు. అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య