బొగ్గుల గ్రిల్ మీద మాకరోనీ చీజ్: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నిప్పులు గ్రిల్ అంతా సమంగా పరిచి, మాకరోనీ చీజ్ ట్రే మధ్యలో పెట్టి మూత వేశాను. అరగంటకు చూస్తే అడుగు మాడిపోయింది, పైభాగం మాత్రం పాలిపోయినట్టే ఉంది. ఎక్కడ పొరపాటు జరిగింది?

జవాబు: నిప్పులు సమంగా పరచడం దగ్గరే. మాంసం కాల్చడానికి అది సరిపోతుంది, ట్రేలో వండేదానికి పనికిరాదు. ట్రే కింద ఒక్క నిప్పు కూడా ఉండకూడదు. 22 అంగుళాల గుండ్రటి గ్రిల్ అయితే రెండు పక్కలా 25 చొప్పున బ్రికెట్లు (అచ్చు పోసిన బొగ్గు ముక్కలు) పేర్చి, మధ్య భాగం ఖాళీగా వదలండి. గ్రిల్ చిన్నదై నిప్పులన్నీ ఒకే పక్కకు వస్తే, సగం సమయం అయ్యాక ట్రేని అటుది ఇటు తిప్పండి. లేకపోతే నిప్పుల వైపు అంచు మాడి, అవతలి అంచు ఉడకకుండా ఉంటుంది.

బొగ్గులు రాజుకున్న వెంటనే తొందరపడకండి. పైన తెల్లటి నివురు కప్పాలి, దానికి 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. కింది గాలి కన్నాలు సగం తెరవండి. పైమూత కన్నం పూర్తిగా తెరిచే ఉంచండి. వేడి పెంచాలన్నా తగ్గించాలన్నా కింది కన్నాలతోనే. పైది మూస్తే పొగ లోపలే మురిగి చేదెక్కుతుంది. ట్రే ఉన్న ఎత్తులో 175 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. మూతకు బిగించిన థర్మామీటర్ పైనున్న గాలి వేడినే చూపిస్తుంది కాబట్టి, కుదిరితే ఇంకొకటి కడ్డీల మీదే పెట్టుకోండి.

ఇక పైభాగం ఎర్రబడకపోవడం. అవెన్‌లో గోడలు, కప్పు కూడా కాగి పైనుంచి సెగ కొడతాయి. గ్రిల్ మూత పల్చటి రేకు, అంత సెగ ఇవ్వలేదు. అందుకే బ్రెడ్ పొడిని గ్రిల్ వేయిస్తుందని ఆశపడకుండా ముందే వేయించి పెట్టుకోవాలి. కప్పు బ్రెడ్ పొడికి రెండు పెద్ద చెంచాల వెన్న వేసి, సన్నటి మంట మీద బంగారు రంగు వచ్చేదాకా కలుపుతూ ఉండండి. దాన్ని ఆఖరి పది నిమిషాల్లో చల్లండి. మొదటే చల్లితే కింది నుంచి వచ్చే ఆవిరికి మెత్తబడి, కరకరలాడే గుణమంతా పోతుంది.

ప్రశ్న: నా చీజ్ సాస్ ప్రతిసారీ విరిగిపోతోంది. ట్రే అంచుల్లో నూనె తేలుతుంది, మధ్యలో చీజ్ సాగే ముద్దలా మిగులుతుంది. మంచి పాత చెడ్డార్ వాడుతున్నా ఎందుకిలా?

జవాబు: సగం కారణం ఆ పాత చెడ్డారే. చీజ్ అంటే ప్రొటీన్ వలలో చిక్కిన కొవ్వు చుక్కలు. చీజ్ మాగేకొద్దీ ఆ వల బలహీనపడుతుంది. వేడి ఎక్కువైతే వల బిగుసుకుని కొవ్వునీ నీటినీ బయటకు పిండేస్తుంది. మీరు చూసిన నూనె, ముద్ద అవే. రుచికి పాత చెడ్డార్ ఉండాల్సిందే, కానీ దానికి లేత చీజ్ తోడు కావాలి.

450 గ్రాముల మాకరోనీకి 60 గ్రాముల వెన్న, 60 గ్రాముల మైదా, లీటరు పాలు, 250 గ్రాముల చెడ్డార్, 150 గ్రాముల లేత గౌడా, 50 గ్రాముల ప్రాసెస్డ్ చీజ్ తీసుకోండి. ఆఖరిదాన్ని చిన్నచూపు చూడకండి. అందులోని లవణాలు ప్రొటీన్‌ని పట్టి ఉంచిన కాల్షియాన్ని లాగేసి వలను వదులు చేస్తాయి. అందువల్ల కొవ్వు సాస్‌లో కలిసే ఉంటుంది.

వెన్న కరిగించి మైదా వేసి, రంగు మారనివ్వకుండా రెండు నిమిషాలు వేయించండి. గోరువెచ్చటి పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా చిలకండి. ఒక పొంగు వచ్చాక ఐదు నిమిషాలు సన్నటి మంట మీద ఉడకనిస్తే పిండి పచ్చివాసన పోతుంది. గరిటె వెనక పూతలా అంటుకున్న సాస్ మీద వేలితో గీస్తే ఆ గీత చెదరకుండా నిలవాలి. అప్పుడు పొయ్యి ఆపండి. రెండు నిమిషాలు ఆగి, చీజ్ తురుము గుప్పెడు గుప్పెడుగా వేయండి. మొదటి గుప్పెడు పూర్తిగా కరిగాకే రెండోది. చీజ్ పడ్డాక గిన్నెను మళ్లీ మంట మీద పెట్టకూడదు. ఉప్పు చివర్లో రుచి చూసి వేయండి, చీజ్‌లోనే చాలా ఉంటుంది. తురిమి అమ్మే ప్యాకెట్ చీజ్ వద్దు. ముక్కలు అంటుకోకుండా వాటికి పట్టించే పొడి సాస్‌ని గరుకు చేస్తుంది.

మాకరోనీని ప్యాకెట్ మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే దించి వార్చండి. కొరికితే మధ్యలో సన్నటి తెల్లటి చుక్క కనబడాలి. ట్రేలోకి వేసేటప్పుడు సాస్ మరీ పల్చగా ఉందనిపించాలి, గరిటె నుంచి ధారగా జారాలి. మిగతా ఉడుకు మాకరోనీ ఆ సాస్‌ని పీల్చుకునే పూర్తి చేసుకుంటుంది. మొదటే చిక్కగా ఉన్న సాస్ గ్రిల్ దిగేసరికి ఎండిన ముద్దవుతుంది. ఎండిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

ప్రశ్న: పొగ రుచి కోసం చెక్క ముక్కలు ఎన్ని వేయాలి?

జవాబు: ఒక్కటి చాలు, అదీ గుప్పిట్లో సగం ఉండేంత. పాలు, చీజ్‌లోని కొవ్వు పొగని ఇట్టే పట్టేస్తుంది, రెండు ముక్కలు వేస్తే చేదు నాలుకకు తెలుస్తుంది. ఆపిల్, చెర్రీ లాంటి పండ్ల చెట్ల చెక్క మంచిది. జిగురు కారే పైన్, రంగు వేసిన చెక్క అసలు వద్దు. కన్నంలోంచి దట్టమైన తెల్లపొగ వస్తున్నంతసేపూ ట్రే పెట్టకండి. అది పల్చబడి, కనీకనబడనట్టు నీలంగా మారాక పెట్టండి. బొగ్గులు వెలిగించడానికి కిరసనాయిలు, లైటర్ ఫ్లూయిడ్ వాడితే ఆ వాసన కూడా చీజ్‌కి పడుతుంది. బొగ్గులు నింపి కింద కాగితం పెట్టి వెలిగించే రేకు గొట్టం, అంటే చిమ్నీ స్టార్టర్, ఆ బెడద తప్పిస్తుంది.

ప్రశ్న: ఇనుప మూకుడా, అల్యూమినియం ట్రేనా?

జవాబు: పైన చెప్పిన కొలతకు 23 × 33 సెంటీమీటర్ల ట్రే కావాలి. పల్చటి అల్యూమినియం ట్రే అయితే కింద బేకింగ్ షీట్ పెట్టండి, లేకపోతే ఎత్తేటప్పుడు మధ్యలో వంగి వేడి సాస్ చేతుల మీదికి ఒలుకుతుంది. 25 సెంటీమీటర్ల ఇనుప మూకుడుకి కొలతలన్నీ సగం చేయండి. ఇనుము వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి అంచులు చక్కగా ఎర్రబడతాయి, కానీ గ్రిల్ దించాక కూడా వంట సాగుతూనే ఉంటుంది, అందుకని ఐదు నిమిషాలు ముందే తీయండి. గాజు పాత్ర నిప్పుల పక్కన పెట్టవద్దు, ఒక పక్కే కాగితే పగలవచ్చు.

ప్రశ్న: ఎంతసేపు ఉంచాలి? ముందురోజు కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా?

జవాబు: వేడిగా కలిపింది వెంటనే పెడితే 25 నుంచి 35 నిమిషాలు. అంచుల్లో బుడగలు రావాలి, మధ్యలో 74 డిగ్రీలు ఉండాలి. ఊరికే మూత ఎత్తి చూడకండి. ఎత్తినప్పుడల్లా లోపలి వేడి పోవడమే కాదు, గాలి తగిలి నిప్పులు రేగుతాయి, మూత వేశాక వేడి అనుకున్నదానికన్నా పైకి పోతుంది. దించాక పది నిమిషాలు కదపకుండా ఉంచితే సాస్ చిక్కబడుతుంది.

ముందురోజు కలిపితే మరో 200 మిల్లీలీటర్ల పాలు అదనంగా పోయండి, రాత్రంతా మాకరోనీ పీలుస్తూనే ఉంటుంది. గ్రిల్ వెలిగించేటప్పుడే ట్రే బయటకు తీయండి. అయినా మధ్య భాగం చల్లగానే ఉంటుంది కాబట్టి, మొదటి 20 నిమిషాలు ట్రేకి అల్యూమినియం ఫాయిల్ రేకు కప్పి, తీసేసి ఇంకో 25 నుంచి 30 నిమిషాలు ఉంచండి. అప్పటికి నిప్పులు నీరసిస్తాయి. ట్రే రేకు తీసేటప్పుడే ఒక్కో పక్క ఐదారు వెలిగిన బ్రికెట్లు వేయండి. వెలగనివి వేస్తే అవి రాజుకునేటప్పుడు వచ్చే పొగ తెరిచిన ట్రేకే పడుతుంది.

ప్రశ్న: వాన వస్తే గ్రిల్‌ని గ్యారేజీలోకి జరపవచ్చా?

జవాబు: వద్దు. తలుపు తెరిచి ఉన్నా సరే. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, ప్రాణాలు తీస్తుంది. వంట అయ్యాక నిప్పులు ఆరిపోయినట్టు కనబడినా గ్రిల్ లోపలికి తేకండి, నివురు కింద గంటల తరబడి రగులుతూనే ఉంటాయి. వాన పడితే ట్రేని వంటింట్లో అవెన్‌లోకి మార్చండి, 180 డిగ్రీల దగ్గర అదే సమయం పడుతుంది.